పదివేల అడుగుల పట్టాభిషేకం

ఇల్లందు జగదాంబ సెంటర్‌లో పాల ప్యాకెట్టుకు బండేసుకుని వచ్చే పెద్దమనిషి రాత్రి పదకొండింటికి సోఫా చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటే భక్తి ముదిరిందనుకోకండి. ఫోన్‌లో నడక పోటీ నడుస్తోంది. హైదరాబాద్ బావమరిది నాలుగొందల అడుగులు ముందున్నాడు. పన్నెండు కొట్టేలోగా వాణ్ని దాటకపోతే ఇంటిపరువు ఉండదు.

రోజుకు పదివేల అడుగులని విధించింది ధన్వంతరి కాదు, గడియారాల కంపెనీ. టోక్యో ఒలింపిక్స్ ఊపు చల్లారకముందే, 1965లో, జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల లెక్క యంత్రాన్ని ఈ అంకెతోనే అమ్మింది. పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం వయసు మళ్లిన అమెరికా మహిళలపై చేసిన పరిశోధన 2019లో వెలువడింది. రోజుకు 4,400 అడుగుల దగ్గరే మరణాల రేటు తగ్గిందనీ, 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదనీ తేల్చింది. తేలిస్తే ఏం? 7,500తో ఆయుష్షు దక్కొచ్చేమో గానీ ర్యాంకు దక్కదు.

ర్యాంకు కోసం జనం ఏమైనా చేస్తారు, నడవడం తప్ప. ఫోన్‌ను కూర్చోబెట్టి ఊపే ఉయ్యాలలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. యజమాని మంచం మీద, ఫోన్ కుక్క మెడలో; పతకం ఎవరికి రావాలో కుక్కకు తెలుసు. సర్కారుదింకా పెద్ద మనసు. 2020 ఆగస్టు 15న మొదలైన ఫిట్ ఇండియా ఫ్రీడమ్ రన్‌లో ఎక్కడైనా, ఎప్పుడైనా పరుగెత్తి కిలోమీటర్లు ఎవరికి వారే రాసుకోవచ్చన్నారు. ఇక ఫోన్ పోటీలో జాబితా అడుగునున్నవాడు మూడో రోజుకు యాప్ తీసేస్తాడు. అసలు నడక అవసరం వాడికే! కలిసి నడిస్తే ఉత్సాహమన్న మాట నిజమే, కాదనను. తెల్లారక ముందే తలుపు కొట్టి లేపే పక్కింటాయన ఉంటే బద్ధకం కూడా బయటికి నడుస్తుంది. ఇప్పుడు ఆయనా తలుపు తీయకుండానే చప్పట్ల బొమ్మ పంపుతున్నాడు.

ఇంతకీ ఈ పోటీ ఇల్లందుకు కొత్త గానీ నడక కొత్తది కాదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ ఇటువైపు బొగ్గు జాడ కనిపెట్టాక, తరాల తరబడి మనుషులు బాయిలోకి దిగి చీకట్లో నడిచారు. బాయిలోకి సెల్లు పోనివ్వరు, నిప్పుకు భయపడే చోటు. కాబట్టి యాప్ లెక్కన వాళ్ల జీవితకాలపు నడక సున్నా. వాళ్లకు తెలిసిన పట్టిక మస్టర్ ఒక్కటే.

ఇక ఎండాకాలం తునికాకు కోసం కోడికూతకు అడవికి పోయే ఆడవాళ్ల సంగతి. ఆకు కోసి, మోసి, యాభై ఆకులకో కట్ట కట్టి, కల్లానికి చేరుస్తారు. కల్లేదారు కట్టలు లెక్కపెడతాడు. అడుగులు లెక్కపెట్టినవాడు లేడు. కొన్ని ఆరోగ్య బీమా కంపెనీలు నడిచినవాళ్లకు ప్రీమియంలో రాయితీ ఇస్తాయట. ఈ లెక్కన కల్లం ముందు బీమావాళ్లు వరస కట్టాలి. ఉపాధి హామీ పనికి పోయినప్పుడు మాత్రం ఫోన్ ఈ తల్లులను గుర్తుపడుతుంది. 2023 జనవరి నుంచి హాజరు యాప్‌లోనే కదా, రోజుకు రెండు ఫొటోలు. సిగ్నల్ లేకపోతే మనిషి పనికి వచ్చిందన్న రుజువు చిక్కుల్లో పడుతుంది. ఒక ఫోన్ కుక్క నడకకు పతకమిస్తుంది, ఇంకో ఫోన్ తట్ట మోసిన మనిషిని రుజువు అడుగుతుంది.

అందుకే నాదొక మనవి. వచ్చే పోటీలో ఈ తునికాకు జట్టును చేర్చండి. తలా ఒక గడియారం కట్టండి, సిగ్నల్ సంగతి తర్వాత చూసుకుందాం. మొదటి పూటకే పట్టిక తలకిందులవుతుంది. సాయంత్రానికి నిర్వాహకులు అత్యవసరంగా కూర్చుంటారు. మర్నాటి కల్లా నిబంధనల్లో కొత్త వాక్యం చేరుతుంది: కూలి కోసం వేసిన అడుగులు పోటీకి చెల్లవు.