మోకాలు బాబాయి

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక మోకాలు బాబాయి ఉంటాడు. మా కూకట్‌పల్లి బ్లాకులో ఉన్నాయనకి నలభై అయిదేళ్లు. ఆయన దృష్టిలో వార్మప్ అంటే ఆటకి ముందు టీ తాగడం. ఓ ఆదివారం బ్యాడ్మింటన్ ఆటలో డ్రాప్ షాట్ అందుకోబోతే పాదం కోర్టుకి అంటుకుపోయింది, ఒళ్లు మాత్రం పక్కకి తిరిగింది. టప్పుమంది. రాకెట్ తీగ తెగిందనుకున్నారంతా. తెగింది ఏసీఎల్. తొడ ఎముకనీ కాలెముకనీ లోపల్నించి పట్టి ఉంచే లిగమెంటు. మధ్యాహ్నానికల్లా మోకాలు కొబ్బరిబోండాం అయింది.

ఎదుటి జట్టుకి సంక్రాంతి కప్పు దక్కింది. బాబాయి దానికీ చరిత్రలో చోటు వెతికాడు. "2012 లండన్ ఒలింపిక్స్‌లో మన సైనాకి కాంస్యం ఎలా వచ్చింది? వాంగ్ షిన్ మోకాలు పట్టేసి తప్పుకుంది కనుక! అంచేత ఆ కప్పు నేనిచ్చిందే."

ఆ రోజు నించి ఎమ్మారై ఫిల్ము ఆయన చంకలోనే ఉంటోంది. లిఫ్టులో దొరికినవాళ్లని దొరికినట్టే ట్యూబులైటు కిందకి లాక్కెళ్లి చూపిస్తాడు. మూడో అంతస్తు పెద్దావిడ జిల్లేడాకు కాపడం పెట్టమంది. ఇస్త్రీ అబ్బాయి పుత్తూరు కట్టు అన్నాడు. ఎముక విరిగితే కదా కట్టు! అయినా బాబాయి బస్సు టైములు కనుక్కున్నాడు.

సర్జన్ మాత్రం తాపీగా విడమరిచాడు. ఏసీఎల్ పూర్తిగా తెగితే మామూలుగా కుట్టి అతికించరు, తొడ వెనకనించో మోకాలిచిప్ప కిందనించో స్నాయువు తీసి కొత్తది అమరుస్తారు. గంతులూ మెలికలూ ఉండే ఆటే కావాలంటే ఆపరేషన్ మేలు. నడక, ఈత, సైకిలు చాలనుకుంటే వ్యాయామంతో నెట్టుకురావచ్చు, కాలు జారిపోతున్నట్టనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు. స్వీడన్‌లో 121 మంది కుర్రకారు మీద పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. వెంటనే ఆపరేషనైన జట్టూ, ముందు వ్యాయామం మొదలెట్టిన జట్టూ రెండేళ్లకి ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. రెండో జట్టులో సగానికి పైగా అసలు బల్ల ఎక్కనే లేదు.

ఇందులో బాబాయి చెవిని పడినవి రెండే ముక్కలు. "కుర్రకారు", "బల్ల ఎక్కనే లేదు".

"వ్యాయామం అన్నారు కదండీ?" అంది పిన్ని.

"అది రెండో జట్టుకే!"

నా అనుమానం ఏమిటంటే, ఈ రకం మనిషికి కావలసింది వైద్యం కాదు, తేదీ. దసరాకి కోర్టులో దిగొచ్చని ఎవరంటే వాళ్లే మంచి డాక్టరు. తొమ్మిది నెలలన్న సర్జన్ని మార్చాడు. ఆ రెండో సర్జనూ తొమ్మిదే అన్నాడు, పైగా కన్సల్టేషన్ ఫీజు తీసుకుని. చివరికి క్యాష్‌లెస్ కుదిరింది, ఆపరేషనూ అయింది. మర్నాడే బాబాయి లెక్క మొదలెట్టాడు: "కరోలినా మారిన్‌కి 2019 జనవరిలో తెగింది. సెప్టెంబరులో చైనా ఓపెన్ కొట్టింది. ఆవిడకి ఎనిమిది నెలలైతే నాకు ఆరు చాలు. నేనాడేది డబుల్సు కదా!" 2021లో ఆవిడ రెండో మోకాలి ఏసీఎల్ కూడా తెగిందన్న సంగతి ఆయన చదవలేదు. చదివినా పిన్నికి చెప్పడు.

కొత్త మోకాలి క్యాపు కొన్నాడు, ఐసు సంచి కొన్నాడు, మెట్లకి రెయిలింగు వేయించాడు. చెయ్యనిది ఒక్కటే. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, తొడ బిగించి నొక్కడం. అందులో ఖర్చు లేదు, ప్రేక్షకులు లేరు. ఆపరేషన్ గంటో గంటన్నరో, అదీ మత్తులో. మిగతాదంతా మెలకువగా ఉండి చెయ్యాలి, ఆయన బాధల్లా అదే. ఫిజియో కుర్రాడు ఫోన్ చేసి "చేశారా అంకుల్?" అంటే, "ఇప్పుడే అవుతోందమ్మా" అని సోఫాలోంచే చెబుతాడు.

ఆర్నెల్లకి ఆ కుర్రాడు ఒంటికాలి మీద గెంతించి టేపుతో కొలిచాడు. ఆపరేషనైన కాలు రెండో కాలి దూరంలో కనీసం తొంభై శాతం అందుకోవాలి. బాబాయికి తొంభై అయిదొచ్చింది! ఫ్లాట్లన్నిటికీ మిఠాయి పంచుదామని ఫోన్ తీశాడు. కుర్రాడు టేపు చుట్టేస్తూ, "అంకుల్, ఈ కాలు పెరగలేదు. ఇన్నాళ్లూ సోఫాలో కూర్చుని మంచికాలు కూడా తగ్గిపోయింది" అన్నాడు.

బాబాయి ఒక్క క్షణం ఆలోచించాడు.

"పోనీలే, రెండూ సమానమయ్యాయి కదా. దసరాకి దిగొచ్చా?"