సత్సంగం అధ్యక్షులకు వినయ సాధన

మీ కాలనీ సత్సంగానికి కొత్తగా అధ్యక్షులయ్యారా? శుభం. ముందు ఆ పదవి మీకు బొత్తిగా ఇష్టం లేదని ఊరందరికీ తెలియాలి. 'అధ్యక్షుణ్ణి కాను, మీ సేవకుణ్ణి' అని ఫ్లెక్సీ కొట్టించండి. ఫొటో ఎంత పెద్దదైతే సేవ అంత కనబడుతుంది. స్వామివారి బొమ్మ పై మూలన సర్దుకుంటుంది, ఆయనకు అహం ఉండదు.

పాతకాలం వాళ్లను చూసి మోసపోకండి. అరుణాచలంలో రమణ మహర్షి తెల్లవారకముందే ఆశ్రమం వంటింట్లో కూర్చుని కూరలు తరిగేవారు. ఆ చీకట్లో చూసేదెవరు? పంక్తిలో తనకు ఓ ముద్ద ఎక్కువ వడ్డించినా ఒప్పుకునేవారు కాదు. 1901లో కలకత్తా కాంగ్రెస్‌కు వెళ్లిన గాంధీ చీపురు వెతికి తెచ్చుకుని పాయిఖానా శుభ్రం చేశారు. చాలదన్నట్టు కార్యదర్శి ఘోషాల్ చొక్కాకు బొత్తాలు పెట్టారు. బొత్తాలు పెట్టే చోటికి ఫొటోగ్రాఫరు రాడు కదా! మీకు చీపురు పట్టక తప్పకపోతే, అంతకుముందే ఎవరో ఊడ్చి ఉంచిన చోట పట్టండి. అన్నసమారాధనలో మొదటి పంక్తికి లడ్డూ మీరే వడ్డించండి. సాంబారు బకెట్టు జోలికి మాత్రం వెళ్లొద్దు. బరువు సరే, అది పట్టుకున్నవాణ్ణి జనం 'ఏమయ్యా, ఇటు!' అని కేకేస్తారు.

అసలు సాధనంతా గొంతులో ఉంది. అరిచే అధ్యక్షుడి మీద ఎవడైనా తిరిగి అరుస్తాడు. కళ్లు అరమోడ్చి 'నాదేముంది నాయనా, అంతా మీ ఇష్టం' అనే మనిషితో గొడవకు దిగితే పాపం దిగినవాడికే చుట్టుకుంటుంది. కాబట్టి నిర్ణయాలన్నీ ముందురోజు ఇంట్లో చేసేసుకుని, సభలో అందరి ఇష్టమూ అడగండి. మైకు అద్దె అంతెందుకయిందని ఓ కుర్రాడు లేచాడనుకోండి. జవాబు చెప్పకండి. చిరునవ్వుతో దగ్గరికి వెళ్లి, తల నిమిరి, 'నాన్నా, నీలో రజోగుణం ఇంకా పోలేదు' అనండి. లెక్క అడగవచ్చినవాడు గుణం దిద్దుకోవడానికి ఇంటికి పోతాడు. ఇంత మెత్తగా నోరు మూయించడం ఏ పోలీసుకూ చేతకాదు.

పని సవ్యంగా జరిగితే స్వామి దయ. పులిహోర చాలకపోతే వంట కమిటీ.

ఇక ఏటా ఉగాదికి రాజీనామా ఇవ్వడం మరవకండి. 'ఈ అల్పుడికి అర్హత లేదు' అని గద్గదంగా చదవండి. 'మీరు లేకపోతే మేమేమైపోవాలండీ' అంటూ లేవడానికి ఇద్దరిని ముందే మాట్లాడి ముందువరసలో కూర్చోబెట్టండి. మూడోవాడెవడో 'సరే, వారి మాటే కానిద్దాం' అనేలోపు హారతి వెలిగించేయాలి. చెక్కుబుక్కు ఆ రోజుకు ఇంట్లోనే ఉండనివ్వండి. రాజీనామా మీద తేదీ వేయకండి, వచ్చే ఏడూ పనికొస్తుంది.