మేడ మీది ట్యాంకులో మెగావాట్లు

ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉందా? అది ట్యాంకు కాదట, విద్యుత్ కేంద్రమట. పగటి వేడికి నీరు వ్యాకోచిస్తుంది, రాత్రి చలికి సంకోచిస్తుంది. మధ్యలో ఒక పిస్టన్ బిగిస్తే కరెంటు బిల్లు పీడ విరగడ! ఎండ ఉచితం, నీళ్లు మున్సిపాలిటీవి. ఇంత తేలికైన సంగతి శాస్త్రవేత్తలకు ఇన్నేళ్లూ తట్టలేదంటే ఆయిల్ కంపెనీల కుట్ర కాక మరేమిటని అడిగే ఆవిష్కర్తలకు మన దగ్గర కొదవ లేదు.

వారి చేతిలో రుజువు కూడా సిద్ధం. గాజు సీసాలో నిండా నీళ్లు పోసి, మూత బిగించి ఫ్రీజర్‌లో పెట్టండి, పగిలిపోతుంది. చూశారా ఎంత బలమో! బలమే, కాదనేదెవరు? నీటిని కదలనివ్వకుండా బంధించి పది డిగ్రీలు వేడిచేస్తే అరవైకి పైగా అట్మాస్ఫియర్ల పీడనం పుడుతుంది. కానీ మీటరు తిరిగేది బలాన్ని చూసి కాదు, ఆ బలం ఎంత దూరం తోసిందో చూసి. సీసా పగలాలంటే వెంట్రుకవాసి కదలిక చాలు. ఫ్యాను తిరగాలంటే చాలదు.

లెక్క చూద్దాం. వెయ్యి లీటర్ల నీరు 25 డిగ్రీల నుంచి 35కి చేరితే పెరిగేది మూడు లీటర్లు. అందుకు అది తాగే ఉష్ణం సుమారు 11.6 యూనిట్లు. మామూలు గాలి పీడనాన్ని తోస్తూ ఆ మూడు లీటర్లు చేసే పని 300 జౌల్స్, అంటే 9 వాట్ల బల్బుకు అర నిమిషం. పోనీ, నీటి నెత్తిన 100 అట్మాస్ఫియర్ల భారం పెడదాం. సముద్రంలో కిలోమీటరు లోతున ఉండే పీడనమది. అప్పుడు 30 వేల జౌల్స్. అదే బల్బు గంటసేపు కూడా నిండా వెలగదు, అదీ రోజు మొత్తానికి. దీనికోసం ప్లాస్టిక్ ట్యాంకు తీసేసి మందపాటి ఉక్కు పీపా ఎక్కించాలి. ముప్పావలా కోడిపిల్లకు మూడు రూపాయల దిష్టి! ఆ ఉక్కు ఊరుకుంటుందా? వేడికి తానూ ఉబ్బి, మూడు లీటర్లలో మూడో వంతు లీటరు మింగేస్తుంది.

పది డిగ్రీల తేడా మీద ఎంత గొప్ప యంత్రమైనా నూటికి మూడు పాళ్లకు మించి పిండలేదు. ఆ హద్దు ఉందని సాది కార్నో 1824లోనే తేల్చాడు. మన ట్యాంకు పిండేది పదివేలకు ఏడు పాళ్లు. అదే మేడ మీద చదరపు మీటరు సోలార్ పలక మిట్టమధ్యాహ్నం రెండు మూడు నిమిషాల్లో ఇంత ఇచ్చేస్తుంది.

వెంటనే ఆవిష్కర్త మంచు వైపు దూకుతాడు. గడ్డకట్టే నీరు 9 శాతం పెరుగుతుంది కదా! దూకనివ్వండి, అక్కడ 1849 నుంచీ జేమ్స్ థామ్సన్ కాచుకుని ఉన్నాడు. సున్నా డిగ్రీల దగ్గరే నీరు గడ్డకడుతూ, ఉష్ణోగ్రతలో తేడాయే లేకుండా బరువులెత్తగలిగితే ఊరికే పని పుట్టినట్టే, అది అసాధ్యం, కాబట్టి పీడనం పెరిగితే నీరు గడ్డకట్టే స్థానం దిగిపోవాలని ఆయన కాగితం మీదే తేల్చాడు. తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన ఆయన తమ్ముడు విలియం దాన్ని ప్రయోగంతో రుజువు చేశాడు. 100 అట్మాస్ఫియర్ల కింద నీరు గడ్డకట్టాలంటే సున్నాకు ముప్పావు డిగ్రీ దిగువకు పోవాలి. లంబసింగిలో ఏ తెల్లవారుజామునో గడ్డి మీద మంచు పేరుకుంటుందేమో కానీ, వెయ్యి లీటర్లు గట్టిపడవు. ఫ్రీజర్‌తో గట్టిపరుస్తామంటారా? టన్ను నీటి నుంచి 93 యూనిట్ల ఉష్ణం తోడితే చేతికొచ్చేది పావు యూనిట్.

ఉష్ణోగ్రత మార్పులతో నడిచే యంత్రాలు లేవనడం లేదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1864 నాటి బెవర్లీ గడియారం అలాంటిదే. ఆట్మాస్ గడియారం ఒక్క డిగ్రీ తేడాతో రెండు రోజులు నడుస్తుంది. ముచ్చటైన వస్తువులు! అయితే ఒకదాన్ని నడిపేది పెట్టెలో బంధించిన గాలి, రెండోదాన్ని నడిపేది ఆవిరి. డిగ్రీకి గాలి పెరిగేదానిలో నీరు పెరిగేది సుమారు పదో వంతే. పైగా వాటిని చేసినవారెవరూ ఊరికి కరెంటు ఇస్తామనలేదు.

ఇకమీదట ఎవరైనా నమూనా చంకన పెట్టుకుని పెట్టుబడి అడగడానికి వస్తే, రోజుకు ఎన్ని యూనిట్లు వస్తాయో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. అందులోంచి పంపులూ వాల్వులూ తినే కరెంటును తీసేశాకే చెక్కు సంగతి మాట్లాడండి.