తర్వాతి నది ఏది?

హైదరాబాద్ దాహం శాశ్వతంగా తీరిపోవడం ఇది మొదటిసారి కాదు. మంజీరా వచ్చినప్పుడు తీరింది. సింగూరుతో మళ్లీ తీరింది. కృష్ణ మూడు దశల్లో మూడుసార్లు తీర్చింది. 2015లో ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్లు పైపుల్లో నడిచొచ్చి గోదావరి కూడా తీర్చిపోయింది. ఇన్నిసార్లు తీరిన దాహం మార్చి నెల రాగానే మళ్లీ ఎందుకేస్తుందో వైద్యులే చెప్పాలి.

మన పెద్దలకు ఇంత ముందుచూపు లేదు. 1908లో మూసీ ఊరిని ముంచేశాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. పాపం, ఆయనకు పవర్‌పాయింట్ తెలియదు. వరదను ఆపే కట్టే జనానికి మంచినీళ్లూ ఇవ్వాలన్నది ఆయన ఆలోచన. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. గండిపేట నీళ్లు వాలు చూసుకుని వాటంతటవే నగరంలోకి దిగేవి. మోటార్లు లేవు, కరెంటు బిల్లు లేదు, శంకుస్థాపన చేసుకుందామంటే రెండో దశ లేదు. ఇలాంటి పథకంతో ఏ ప్రభుత్వం మాత్రం ఎన్నాళ్లు వేగుతుంది?

అందుకే కిందికి చూశాం. నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్నా నీటిమట్టం 590 అడుగులు. గండిపేట పూర్తి మట్టం 1790. అంటే మనం తాగే కృష్ణమ్మ కరెంటు మెట్ల మీద వెయ్యి అడుగులకు పైగా ఎక్కి రావాలి. సాగర్‌లో మట్టం 510 అడుగులకు పడిపోయిందంటే ఆ మెట్లూ అందవు. పుట్టంగండి దగ్గర అత్యవసర పంపింగ్ మొదలు. ఆ బెడద శాశ్వతంగా (మళ్లీ ఆ మాటే) వదిలిస్తామని సుంకిశాలలో ఇన్‌టేక్ బావి కట్టబోతే, 2024 ఆగస్టులో దాని గోడే సాగర్ నీళ్లలోకి ఒరిగింది.

ఈలోగా ఇంటి ముందరి ఆ రెండు పాత చెరువుల సంగతి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో అడ్డగోలు కట్టడాలు వద్దని 1996లో జీవో 111 ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామంది. కారణం: నగరానికి అందే నీటిలో ఆ రెంటి వాటా 1.25 శాతం కూడా లేదట. ముసలాయనకు అన్నం పెట్టడం మానేసి, ఈయన పని చేయడం లేదు కాబట్టి ఇల్లు రాసిచ్చేద్దాం అన్నట్టుంది. అన్నట్టు, జలాశయాల నీటి నాణ్యత ఏమాత్రం దెబ్బతినకూడదన్న షరతు కూడా అదే జీవోలో ఉంది. షరతు చూసి భయపడి భూముల ధర తగ్గినట్టు మాత్రం ఎవరూ చెప్పలేదు.

చెరువుకు కూతవేటు దూరంలోని కోకాపేటలో 2023లో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు 'లేక్ వ్యూ' అని పేర్లు. వ్యూకి ఢోకా లేదు. ఏప్రిల్‌లో పొద్దున్నే వాచ్‌మన్ సంపు మూత తీసి, కర్ర దించి తడి ఎంతవరకు అంటిందో చూస్తాడు. కోశాధికారి వాట్సాప్ గ్రూపులో ట్యాంకర్ నంబరు పెడతాడు. పదకొండో అంతస్తు నుంచి ఎవరో "ఇవాళైనా వస్తుందా అండీ?" అంటారు. మధ్యాహ్నానికి ఎవరి బోరులోవో అయిదు వేల లీటర్లు వస్తాయి. లోపలికి దిగేదెంతో, చిరిగిన పైపులోంచి వీధిపాలయ్యేదెంతో చూసినవాళ్లకే తెలుసు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని పాతమాట. ఇప్పుడు ట్యాంకర్ బుక్ చేసినవాడు గేటు వదలడు.

అసలు ఘనకార్యం 2025 సెప్టెంబరులో జరిగింది. మల్లన్నసాగర్ నుంచి గోదావరిని తెచ్చే రెండో దశకు గండిపేట దగ్గర శంకుస్థాపన చేశారు. ఆ నీళ్లలో కొన్ని ఇళ్లకు, కొన్ని ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నింపి మూసీని బతికించడానికి. ఊరికే వచ్చే వాననీటి దారుల్లో ఫాంహౌసులకు ప్రహరీలు లేచాయి కదా, చెరువులకు పక్క నది నీళ్లు కొని పోయాలి మరి. ఆ నెలాఖరునే వానలు దంచికొట్టాయి. రెండు చెరువులూ నిండాయి, గేట్లెత్తారు. మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొస్తే ప్రయాణికులను సిబ్బంది బయటికి తెచ్చారు.

గోదావరి ఇంకా బయల్దేరనే లేదు.