తార్నాక సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టళ్లలోనూ తార్నాక గల్లీల్లోనూ ఫ్యాను ఆగిన మరుక్షణమే బాల్కనీల నుండి వెలువడే ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియరానందున, దీనిని అపౌరుషేయంగా గ్రహించి, యథామతి వ్యాఖ్యానించడమైనది.

మూలం: కరెంటు వోయింది, మీకున్నదా?

పాఠాంతరం: కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన వారి ఇళ్లలో ‘పోయింది, మీకుందా?’ అని కలదు. అర్థభేదం లేదు.

ప్రతిపదార్థం: కరెంటు = విద్యుత్తు; వోయింది = చెప్పకుండా తొలగినది; మీకు = ఎదురింటివారికి, లక్షణచేత దేశాంతరవాసులకు; ఉన్నదా = కలదా? ‘ఉంటే లోపం మాది’ అనునది అధ్యాహారం, అనగా మూలంలో లేకున్నా అర్థపూర్తికై తెచ్చుకోవలసిన మాట.

తాత్పర్యం: ఎదురింట దీపం వెలుగుతుంటే దోషం సొంత ఫ్యూజుదో, స్తంభం నుండి ఇంటికి వచ్చే సర్వీసు వైరుదో అనియు, వీధంతా చీకటైతే ట్రాన్స్‌ఫార్మర్‌దో, సబ్‌స్టేషన్ నుండి దానికి 11 కిలోవోల్టుల విద్యుత్తును తెచ్చే ఫీడర్‌దో అనియు నిర్ణయించి, లైన్‌మన్‌కు ఫోను చేయాలా వద్దా అన్నది తేల్చుకోవడమే ప్రశ్న ప్రయోజనం.

విశేషం: దేశాలను పోల్చే శాస్త్రజ్ఞులు అడిగేదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్క వినియోగదారుకు ఏడాదికి సగటున ఎన్నిసార్లు సరఫరా ఆగినదో చెప్పే సూచిక ‘సైఫీ’. మొత్తం ఎంతసేపు ఆగినదో చెప్పేది ‘సైడీ’. జర్మనీలో 2023 సైడీ సుమారు 13 నిమిషాలు కాగా, అమెరికాలో తుపానులు, కార్చిచ్చులు ముమ్మరించిన 2020లో ఎనిమిది గంటలు దాటింది.

ఆక్షేపణ: అట్లయితే జర్మనీ ముప్పై ఏడు రెట్లు మేలనవచ్చునా?

సమాధానం: అనరాదు. జర్మనీ లెక్కలో మూడు నిమిషాలు దాటిన అంతరాయాలే చేరతాయి, ముందే ప్రకటించినవీ ప్రకృతి విపత్తులవల్ల కలిగినవీ చేరవు. అమెరికా పద్ధతిలో హద్దు ఐదు నిమిషాలు, పై అంకెలో విపత్తులు కూడా ఉన్నవి. వాటిని తీసివేస్తే అమెరికా సంఖ్య రెండు గంటలకు దిగుతుంది. మన రాష్ట్రాల సూత్రాలలో ఫీడర్‌ను ప్రమాణంగా తీసుకోవడం పరిపాటి గనుక, ఒక గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరి రాత్రంతా ఉక్కపోసినా, ఫీడర్ నిలిచి ఉన్నంతవరకు ఆ రాత్రి సూచికకెక్కదు. పోవుట ఒకటి, లెక్కకెక్కుట మరొకటి అని తెలియవలెను.

ఉదాహరణం: 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి, అరవై కోట్లకు పైగా జనులున్న ప్రాంతం చీకటైనప్పుడు, దక్షిణ గ్రిడ్ వేరుగా ఉన్నందున ఢిల్లీ ఇదే ప్రశ్న అడిగితే తార్నాక ‘ఉన్నది’ అనదగినది; రాయచూర్–సోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా గ్రిడ్‌తో కలిసినది 2013 డిసెంబరు 31న. అయినను 2012లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉత్పత్తి చాలక కరెంటు కోతలూ పరిశ్రమలకు పవర్ హాలిడేలూ సాగినవి. కూలుట గ్రిడ్ దోషం, కోత కొరత ఫలం; ఈ రెంటినీ ఒకే అంకెలో కలుపువాడు వ్యాఖ్యాత కాడు.

ఫలశ్రుతి: దేశాల పట్టిక చేతికందగానే ఎన్ని నిమిషాల నుండి లెక్క మొదలైనది, ఏ రోజులు మినహాయించినారు, మీటరు దగ్గర కొలిచినారా ఫీడర్ దగ్గరా అని అడుగువారికి వాదంలో జయం కలుగును; కరెంటు మాత్రం లైన్‌మన్ వస్తేనే వచ్చును.