డాబా మీద వారం రోజుల పెంపకం

"స్వయంగా ఇంట్లో పెంచిన అరెకా పామ్. నాసా సర్టిఫైడ్. రాత్రిళ్లు కూడా ఆక్సిజన్ ఇస్తుంది. తోటి మొక్కల ప్రేమికులకు మాత్రమే. కొరియర్ ఛార్జీలు అదనం." మిద్దెతోటల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఈ తరహా ప్రకటనలో కళ్లు మూసుకుని నమ్మదగ్గ మాట చివరిదొక్కటే.

ముందు ఆ 'ఇంట్లో పెంచిన' సంగతి చూద్దాం. అరెకా గింజ మొలకెత్తడానికే నెల నుంచి మూడు నెలలు పడుతుంది. అది నడుమెత్తు రావాలంటే ఏళ్లు గడవాలి. కిందటి నెల దాకా బట్టలారేసుకున్న బాల్కనీలో ఈ నెల నలభై కుండీలు వెలిశాయంటే అవి అక్కడ మొలిచినవి కావు, మెట్లెక్కి వచ్చినవి. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక నర్సరీల్లో ఎండకీ వానకీ ఓర్చి ఎవరో పెంచిన మొక్కకు నల్ల సంచి విప్పి, తెల్ల కుండీలోకి దించి, వారం రోజులు నీళ్లు పోస్తే ఇంటి మొక్క అయిపోతుంది. పైన చెంబుడు జీవామృతం పోస్తే ఆర్గానిక్ కూడా అవుతుంది. కడియం రైతు మొక్క అమ్ముకుంటున్నానని నేరుగా చెబుతాడు. డాబా మీది వ్యాపారి మాత్రం ప్రేమ పంచుతున్నానంటాడు. ప్రేమకు బిల్లుండదు, వాపసు అసలే ఉండదు.

ఆ పంపకంలో ఇంకో కిటుకుంది. కుండీ నిండుగా కనబడాలని నర్సరీల వాళ్లు ఒక్కో దాంట్లో చాలా మొలకలు కలిపి నాటుతారు. మన ప్రేమికుడు ఆ గుబురును నాలుగు ముక్కలుగా చీల్చి నాలుగిళ్లకు పంపుతాడు. వేళ్లు తెగితే పామ్ జాతి మొక్కలు అంత తొందరగా కోలుకోవు. పైగా ఒక్కో కాండానికి మొవ్వు ఒక్కటే. అది విరిగితే గులాబీ కొమ్మలా పక్కనుంచి చిగురించదు, ఆ కాండం పని అయిపోయినట్టే. అలాంటిదాన్ని అట్టపెట్టెలో అడ్డంగా పడుకోబెట్టి, మే నెల ఎండల్లో గోడౌన్‌కీ గోడౌన్‌కీ తిప్పుతారు. "అన్నా, ఆకులన్నీ ఎండిపోయాయి" అని అవతలి ఆవిడ ఫొటో పెడితే, "ట్రాన్సిట్ షాక్ మేడమ్, నెలలో తేరుకుంటుంది" అని జవాబు. నెల తర్వాత అడిగితే, "నీళ్లు ఎక్కువ పోసుంటారు."

ఇక నాసా. 1989లో శాస్త్రవేత్త వుల్వర్టన్ బృందం నాసా కోసం చేసిన ప్రయోగం గాలి చొరబడని పెట్టెల్లో జరిగింది. బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి ఆవిర్లను మొక్కలు ఎంత తగ్గిస్తాయన్నది వాళ్లు చూశారు. ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ నివేదికలో బాంబూ పామ్ ఉంది కానీ, అరెకా లేదు! 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ తిరగేసి ఒక లెక్క తేల్చారు. మామూలు ఇంట్లో గాలి మార్పిడితో వచ్చే ఫలితం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా కావాలి. 14 చదరపు మీటర్ల పడకగదికి తక్కువలో తక్కువ 140 కుండీలన్నమాట. మంచం వరండాలో వేసుకోవాలి. కిటికీ తెరుచుకోవడం చవక, కాకపోతే కిటికీని కొరియర్‌లో పంపలేరు.

ఈ అంగట్లో 'సేగో పామ్' పేరుతో దొరికే సైకస్ అసలు పామే కాదు. అరెకా ప్రకటనను కాపీ చేసి దానికీ తగిలిస్తే, అరెకాకు చెల్లే 'పెట్ ఫ్రెండ్లీ' అన్న మాట కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. సైకస్ గింజలు తిన్న కుక్క బతకడం కష్టం.

వీటన్నిటినీ నవ్వి వదిలేయొచ్చు. పెట్టెలో మొక్కతోపాటు టికెట్ లేకుండా ప్రయాణించేవాటి విషయంలో నవ్వు రాదు. కొబ్బరిని తొలిచే ఎర్రముక్కు పురుగు ఆసియా దాటి 1980లలో గల్ఫ్ ఖర్జూరాల మీదికి, 1990లలో స్పెయిన్ దాకా వెళ్లింది. అది రెక్కలను నమ్ముకుని వెళ్లలేదు. మనుషులు శ్రద్ధగా కట్టి పంపిన పిలకల్లో, అలంకరణ చెట్లలో కూర్చుని వెళ్లింది. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు బయటపడి, ఆ తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరి తోటల ఆకులను నల్లబరిచింది. కొబ్బరి, అరటి, జామతోపాటు అలంకరణ పామ్‌లనూ అది వదలదు. ఆకు అడుగున తెల్లటి సుడుల్లా గుడ్లు పెడుతుంది, పైనుంచి తీసిన ఫొటోలో కనబడదు. అంబాజీపేటలో ఉద్యాన శాస్త్రవేత్తలు ఈ దోమ మీద పోరాడుతుంటే, నగరం డాబాల నుంచి దానికి ఉచిత రవాణా దొరుకుతోంది.

అట్టపెట్టె మీద ఎర్ర సిరాతో 'ప్రాణమున్న మొక్క, జాగ్రత్త' అని రాసే ఈ ప్రేమికులను, ఒక్కసారి ఆకు తిరగేసి ఫొటో పెట్టమని అడిగి చూడండి. ఫొటో వచ్చేలోపు అడ్మిన్ మిమ్మల్ని గ్రూపులోంచి తీసేస్తాడు. ఎక్కువ గ్రూపుల్లో ఆ అడ్మిన్, అమ్మేవాడు ఒక్కరే.