రేడియోవారి నెలగంట

సూర్యుడు ధనూరాశిలో అడుగు పెట్టగానే తెలుగు పల్లెల్లో నెలగంట పడుతుంది. అక్కణ్ణుంచి ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసులు. సంక్రాంతికి ఇంకా నెల్లాళ్లుందని అందరికీ తెలుసు. అయినా ఎవరికీ పేచీ లేదు, లెక్క ఆకాశంలో ఉంది కదా. అమెరికాలో క్రిస్మస్‌కీ ఒక నెలగంట ఉంది. అది ఎఫ్ఎం రేడియోలో మోగుతుంది. ఎవరు ఏ రాశిలోకి వెళ్తే మోగుతుందన్నదే అక్కడ ఏటేటా తెగని తగువు.

షికాగోలో 93.9 లైట్ ఎఫ్ఎం ఉంది, లాస్ ఏంజెలెస్‌లో కోస్ట్ 103.5 ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం మెత్తని పాటలు వేసుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా బతికే స్టేషన్లివి. నవంబరు వచ్చిందంటే మాత్రం ఒకరోజు ఉన్నట్టుండి మాల వేసుకుంటాయి. ఇక ఇరవై నాలుగు గంటలూ క్రిస్మస్ పాటలే. అయ్యప్ప స్వాములకైనా మండల దీక్ష 41 రోజులే. వీళ్ల దీక్ష ఒక్కో ఏడు యాభై దాటుతుంది. న్యూజెర్సీ దక్షిణ తీరంలో ఒక చిన్న స్టేషన్ అక్టోబరు మధ్యలోనే మొదలుపెట్టి పెద్దవాళ్లందరికీ కన్ను కుట్టించిన సందర్భాలున్నాయి. అప్పటికి హాలోవీన్ గుమ్మడికాయలకు కళ్లూ ముక్కూ కూడా చెక్కి ఉండరు.

శ్రోతలకు ఒళ్లు మండదా అంటే మండుతుంది. థాంక్స్ గివింగ్ టర్కీ కోడి ఇంకా కొట్లో ఉండగానే ఈ గంటలేమిటని విసుక్కుంటారు. విసుక్కుంటూ వింటారు. కిటుకంతా ఇక్కడే ఉంది.

అమెరికా రేడియోకి పంచాంగకర్త నీల్సన్ కంపెనీ. పెద్ద నగరాల్లో కొంతమందిని ఎంచుకుని, జేబులోనో నడుముకో పెట్టుకునే చిన్న మీటరు ఇస్తుంది. స్టేషన్లు తమ ప్రసారంలో చెవికి అందని సంకేతం ఒకటి కలిపి పంపుతాయి. మీటరు దాన్ని పసిగట్టి లెక్క రాసుకుంటుంది. మనిషి ఇష్టపడి విన్నాడా, పళ్ల డాక్టరు దగ్గర వరసలో కూర్చుని విధిలేక విన్నాడా అన్నది దానికి అనవసరం. తిడుతూ విన్నా విన్నట్టే, మీటరుకు తిట్లు వినపడవు. ఈ పంచాంగంలో ఏడాదికి పదమూడు నెలలు, నెలకు నాలుగు వారాలు. మనకు అధికమాసం మూడేళ్లకోసారి వస్తే వాళ్లకు ఏటా వస్తుంది. ఆ పదమూడో నెల పేరే ‘హాలిడే’. డిసెంబరంతా దాదాపుగా అందులోనే పడుతుంది. మాల వేసుకున్న స్టేషన్ల వాటా ఆ నెలలో మామూలుకు రెట్టింపవడం, అంతకు మించడం కూడా మామూలే. అధికమాసంలో మనవాళ్లు దానాలు చేస్తారు. వాళ్లకు అది రాబడి మాసం.

ఒక ఊళ్లో ఈ రాబడి ఇద్దరు ముగ్గురికి సరిపోదు. ముందు మొదలుపెట్టినవాడి దగ్గరే జనం స్థిరపడతారు. అందుకే పక్కవాడు 10న మొదలుపెడతాడన్న గుసగుస వినపడితే వీడు 8న కొబ్బరికాయ కొట్టేస్తాడు. తేదీ జరగడానికి భక్తితో పనిలేదు. రైల్వే స్టేషన్ ముందు ఆటోవాళ్లు ప్రయాణికుడికి ఎదురెళ్లే పద్ధతే ఇది.

కాకపోతే ఒక మాట ఒప్పుకోవాలి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాతా, 2020 కరోనా ఏడాదిలోనూ చాలా స్టేషన్లు తొందరపడ్డాయి, అప్పుడు విసుక్కున్నవాళ్లు తక్కువ. ఇంట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న మనిషికి తెలిసిన పాట ఒకటి ఎంత ఆసరాయో చెప్పడానికి మీటరు అక్కర్లేదు.

వ్యాపారం కోసం పండగను ముందుకు జరపడం రేడియోవాళ్లు కనిపెట్టిన విద్యేమీ కాదు. 1939లో నవంబరుకు అయిదు గురువారాలొచ్చాయి. ఆఖరి గురువారం థాంక్స్ గివింగ్ అంటే 30వ తేదీ. ఆ లెక్కన క్రిస్మస్ బేరాలకు రోజులు తగ్గిపోతాయని కొట్లవాళ్లు మొరపెట్టుకున్నారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండగను వారం ముందుకు, 23కి జరిపేశాడు. ఆనాటి 48 రాష్ట్రాల్లో దాదాపు సగం సరేనన్నాయి, సగం ససేమిరా అన్నాయి. టెక్సాస్, కొలరాడో రెండు రోజులూ చేసుకున్నాయి. పండగ ఈ రోజా, రేపా అని రెండు పంచాంగాలు ముందేసుకుని తల పట్టుకునే తెలుగువాళ్లకు ఈ కథ విడమరచి చెప్పాల్సిన పనిలేదు. అట్లాంటిక్ సిటీ మేయరు దానికి ‘ఫ్రాంక్స్‌గివింగ్’ అని పేరు పెట్టాడు. అధ్యక్షుడి పేరు ఫ్రాంక్లిన్ మరి. చివరికి నాలుగో గురువారమే ఖాయమని చట్టం చేస్తే, 1941 డిసెంబరు 26న ఆయనే సంతకం పెట్టాడు.

దానికి సరిగ్గా ముందు రోజు, క్రిస్మస్ నాడు, బింగ్ క్రాస్బీ తన రేడియో కార్యక్రమంలో ‘వైట్ క్రిస్మస్’ మొదటిసారి పాడాడు. క్రిస్మస్ పాట క్రిస్మస్ నాడే రేడియోలోకి అడుగుపెట్టిన వింత అది. రాసిన ఇర్వింగ్ బెర్లిన్ యూదుడు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన సింగిల్ రికార్డుగా గిన్నిస్ దాన్నే లెక్కిస్తుంది.

మిగతా పాటల పుట్టుక చూస్తే నవంబరు కూడా ఆలస్యమే అనిపిస్తుంది. మంచు కురవనీ అంటూ సాగే ‘లెట్ ఇట్ స్నో’ పుట్టింది 1945 జులైలో, హాలీవుడ్ వడగాడ్పుల్లో. నిప్పుల మీద చెస్ట్‌నట్లు కాల్చుకునే ‘ది క్రిస్మస్ సాంగ్’దీ ఆ వేసవే. చెమటలు కక్కుతూ, చలిని తలుచుకుంటే అయినా చల్లబడతామని రాసుకున్నవి. ఎండల్లో పట్టిన ఆవకాయ లాంటివన్నమాట, జాడీ మూత ఎప్పుడు తీసినా పాడవ్వవు. ఇక 1857 నాటి ‘జింగిల్ బెల్స్’లో క్రిస్మస్ అన్న మాటే లేదు.

గాయని మరయా కేరీ 1994లో పాడిన క్రిస్మస్ పాట అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరడానికి 25 ఏళ్లు పట్టింది. 2019 నుంచి ఆవిడ ఏటా నవంబరు 1న ‘వేళయింది’ అని వీడియో పెడుతోంది. పీఠాధిపతి ముహూర్తం ప్రకటించినట్టే ఉంటుంది. ‘క్రిస్మస్ మహారాణి’ బిరుదుకు ట్రేడ్‌మార్కు కూడా అడిగింది కానీ 2022లో ఆ దరఖాస్తు సాగలేదు.

ఐరోపా వాళ్ల బాధ వేరు. వామ్ బృందం 1984లో వదిలిన ‘లాస్ట్ క్రిస్మస్’ చెవిన పడకుండా డిసెంబరు 1 నుంచి 24 దాకా నెగ్గుకురావడం అక్కడ ఒక ఆట, పేరు ‘వామగెడాన్’. 2023లో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ ఫుట్‌బాల్ మైదానంలో డీజే ఆ పాట వేసి, ఏడు వేల పైచిలుకు జనాన్ని ఒక్క దెబ్బకు ఆటలోంచి బయటకు పంపాడు. తర్వాత క్షమాపణా చెప్పుకున్నాడు. 2015లో ఆస్ట్రియాలో ఒక రేడియో జాకీ స్టూడియో తలుపు గడియ పెట్టుకుని అదే పాటను 24 సార్లు వరసగా వేశాడు. ఇంట్లోంచి నాలుగేళ్ల కూతురు ఫోన్ చేసి, ఆ పాట తనకు నచ్చలేదంటే గానీ ఆపలేదు. కోట్ల డాలర్లు పోసి సర్వేలు చేయించినా ఇంత సూటి శ్రోత దొరకదు.

అమెరికా వాళ్లను చూసి నవ్వేముందు ఫిలిప్పీన్స్ వైపు చూడాలి. అక్కడ పాటలు సెప్టెంబరు 1నే మొదలు. నెల పేరు చివర ‘బర్’ ఉంటే చాలు, పండగ వచ్చేసినట్టే. ఆ తర్వాత గుంటూరు, విజయవాడ వైపూ చూడాలి. క్రిస్మస్‌కు ముందే క్రిస్మస్ చేసుకోవడానికి ‘సెమీ క్రిస్మస్’ అని ఏకంగా పేరు పెట్టుకున్నది మనవాళ్లే. డిసెంబరు మొదలైందంటే కాలేజీలో ఒక కేకు, ఆఫీసులో ఒక కేకు, నాయకుడి సమక్షంలో ఇంకో కేకు. అసలు క్రిస్మస్ నాటికి కేకు మొహం చూడబుద్ధి కాదు. న్యూజెర్సీలో పిల్లాణ్ణి బడికి దింపుతూ కారు రేడియోలో నవంబరు పాటలు విని ముక్కు విరిచే గుంటూరు అబ్బాయికి ఈ సంగతి గుర్తుండదు.

అసలు గడియారం చర్చి దగ్గర ఉంది, దాన్ని అడిగినవాడు లేడు. ఆ లెక్కలో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఎదురుచూపు, ఆరాటపడుతూ ఆగడం. పండగ 25న మొదలవుతుంది, పన్నెండు రోజులు సాగి జనవరి 6 దగ్గరకు చేరుతుంది. పాటలకు తగిన రోజులు అవే. రేడియో మాత్రం సరిగ్గా అప్పుడే మాల తీసేస్తుంది. 26 తెల్లవారేసరికి షికాగోలో మళ్లీ ఎనభైల నాటి ప్రేమగీతాలు, కొట్లలో సగం ధరకు నక్షత్రాలు. తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురూ ఒంటెల మీద ఇంకా దారిలోనే ఉంటారు. వాళ్ల దగ్గర రేడియో ఉంటే ఈపాటికి వాలెంటైన్స్ డే చాక్లెట్ల ప్రకటన వస్తూ ఉంటుంది.